ఎక్లిప్సు గుఱ్ఱము : దాని పరుగు, దాని సంతతి

హైదరాబాదునందు మలకపేట మైదానములో గుఱ్ఱపు పందెములు జరుగు దినమున అచ్చట లభించు చిన్న పుస్తకములో ప్రతి గుఱ్ఱము పేరు ప్రక్కను దాని వయస్సు, అది మోయవలసిన బరువు, రౌతు పేరు మాత్రమే గాక దాని తండ్రి పేరు, తల్లి పేరు గూడ ముద్రింపబడి యుండును. మన పల్లెలలో ఎడ్ల అంగడికి పోయినవారు కోడె పండ్లు చూతురు, మూపురము తడవుదురు, నాలుగడుగులు నడిపించి చూతురు. దాని ముత్తాత యెవరని అడుగరు. పందెపు గుఱ్ఱముల లోకమున అట్లు కాదు. అచ్చట వంశమే మొదటి మాట.

ఈ పందెములు హైదరాబాదునందు 1868 లో మౌలాలీ వద్ద ప్రారంభమై, 1886 లో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కాలమున మలకపేటకు మారినవి. ఇప్పుడు అచ్చట పరుగెత్తునవి థరోబ్రెడ్ అను జాతి గుఱ్ఱములు. వీనిలో ఏ గుఱ్ఱమునైనను తీసికొని తండ్రి, తాత, ముత్తాత అని పైపైకి చదువుకొనుచు పోయినచో, నూటికి తొంబదికి పైగా సందర్భములలో 1764 లో ఇంగ్లండునందు పుట్టిన ఒకే ఒక మగ గుఱ్ఱము కడకు చేరుదుము. దాని పేరు ఎక్లిప్సు. అనగా గ్రహణము.

తన జీవితములో ఒక్క పందెమునందైనను ఓడని గుఱ్ఱమది. దాని సంతతి నేడు భూగోళమంతటను పరుగెత్తుచున్నది. అయినచో మలకపేటలో నేడు పరుగెత్తు గుఱ్ఱములో ఆ ఎక్లిప్సు ఎంత యున్నది? ఈ ప్రశ్న పందెము కాయువారిది మాత్రమే కాదు. తొమ్మిది, పది తరగతులలో వంశపారంపర్యమును బోధించు ప్రతి ఉపాధ్యాయుడును విద్యార్థులచేత లెక్క కట్టింపదగిన ప్రశ్న. దాని సమాధానము ఒక విధమున చూచిన ‘దాదాపు పూర్తిగా’ అనియు, మరియొక విధమున చూచిన ‘దాదాపు ఏమియు లేదు’ అనియు వచ్చును. రెండును నిజమే. అది యెట్లో తెలిసికొనుటకు ముందు ఆ గుఱ్ఱము కథ తెలియవలెను.

గ్రహణమునాటి పిల్ల

థరోబ్రెడ్ జాతి అనాదిగా ఉన్నది కాదు. 17 వ శతాబ్దము చివర, 18 వ శతాబ్దము మొదట ఇంగ్లండులోని ప్రభువులు తూర్పుదేశములనుండి మగ గుఱ్ఱములను తెప్పించి, తమ దేశమందలి వేగముగల గోడిగలతో, అనగా ఆడు గుఱ్ఱములతో, జతకూర్చుట వలన ఏర్పడిన జాతి యిది. అట్లు వచ్చిన మగ గుఱ్ఱములలో మూడింటి మగసంతతి మాత్రమే నేటివరకు నిలిచినది. అవి బైర్లీ టర్క్, 1704 లో సిరియాలోని అలెప్పో నగరమునుండి వచ్చిన డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. ఎక్లిప్సు తండ్రివైపున డార్లీ అరేబియన్ సంతతికి చెందినది. దాని తల్లి స్పిలెట్టా గొడాల్ఫిన్ అరేబియనుకు మనుమరాలు.

ఎక్లిప్సును పుట్టించినవాడు రెండవ జార్జి రాజు కుమారుడైన కంబర్లెండు ప్రభువు. 1764 ఏప్రిల్ 1 వ తేదీన సూర్యగ్రహణము పట్టిన నాడు విండ్సరు అడవియందలి ఆయన అశ్వశాలలో ఈ పిల్ల పుట్టుటచే దానికి ఆ పేరు పెట్టిరి. మన దేశమున గ్రహణము నాటి పుట్టుక శుభమని యెవరును చెప్పరు. ఈ పిల్ల విషయమున ఆ గ్రహణము ఎవరిని బాధించినదని అడిగినచో, దానితో పోటీచేసిన తక్కిన గుఱ్ఱములనే అని చెప్పవలెను!

మరుసటి సంవత్సరమే కంబర్లెండు ప్రభువు మరణించెను. ఆయన గుఱ్ఱములన్నియు వేలమునకు వచ్చినవి. ఏడాది వయస్సుగల ఎక్లిప్సును వైల్డుమన్ అను మాంసపు వర్తకుడు 75 గినీలకు కొనెను. గినీ యనగా 21 షిల్లింగులు. అది తేలికయైన ధర యేమియు కాదు. గొప్ప ధరయు కాదు. పిల్ల ఎఱ్ఱని గోధుమ వన్నెది. ముఖముమీద తెల్లని పట్టె, వెనుకటి కుడికాలు మోకాలివరకు తెలుపు. ముంగాళ్ళవైపుకంటె వెనుకభాగము కొంచెము ఎత్తు. పరుగెత్తునపుడు ముక్కు నేలకు తగులునంతగా తల వంచునట. కోపమా, మహాకోపము. లొంగదీయుటకై వృషణములు తీయించవలెనని గూడ ఒకప్పుడు ఆలోచించిరట. ఆ ఆలోచన సాగియుండినచో ఈ వ్యాసమునకు విషయమే లేకపోయెడిది.

నేటి పందెపు గుఱ్ఱములు రెండేండ్ల ప్రాయముననే బరిలో దిగుచున్నవి. ఎక్లిప్సు మాత్రము అయిదేండ్లు నిండువరకు పందెము ముఖము చూడలేదు. ఆ కాలమున అది వింత కాదు. అప్పటి పందెములు వేగమునకంటె దమ్మునకు పరీక్షలు. సామాన్యముగా ఒక పందెమనగా నాలుగు మైళ్ళు, అనగా సుమారు 6.4 కిలోమీటర్లు. అదియు ఒక్కసారి కాదు. ఒకే దినమున నడుమ కొంత విశ్రాంతితో రెండు మూడు విడతలు అంతే దూరము పరుగెత్తవలెను. రాజుగారి బహుమాన పందెములలో ఆరేండ్ల గుఱ్ఱము వీపుమీద 12 స్టోనుల, అనగా సుమారు 76 కిలోల, బరువు ఉండవలెను. మలకపేటలో నేడు జరుగునవి 1000 మీటర్లు మొదలుకొని ఉండు ఒక్క పరుగు పందెములు. దక్కన్ డెర్బీ దూరము 2000 మీటర్లు. ఈ భేదమును పాఠకులు మనస్సునందుంచుకొనవలెను. ముందు దీనితో పనియున్నది.

తక్కినవి ఎచ్చటను లేవు

1769 మే 3 వ తేదీన ఎప్సమ్ మైదానమున ఎక్లిప్సు మొదటిసారి పరుగెత్తెను. దానితో నాలుగు గుఱ్ఱములు పోటీపడెను. మొదటి విడత సులభముగా గెలిచెను. రెండవ విడతకు ముందు డెన్నిస్ ఓకెల్లీ అను ఐరిషువాడు గుఱ్ఱములు ఏ వరుసలో వచ్చునో చెప్పెదనని పందెము కాచెను. ఈ ఓకెల్లీ ఒకప్పుడు లండనులో పల్లకి మోసినవాడు, అప్పుల చెరసాల చూచినవాడు, జూదములో ఆరితేరినవాడు. ఎక్లిప్సు మొదట, తక్కినవి ఎచ్చటను లేవు అని అతడు చెప్పిన మాట గుఱ్ఱపు పందెముల చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినది.

ఈ మాట వట్టి డంబమనుకొనరాదు. నాటి నియమముల ప్రకారము గెలిచిన గుఱ్ఱమునకు 240 గజములకు మించి వెనుకబడినదానికి స్థానమే యుండదు. న్యాయనిర్ణేత దృష్టిలో అది పందెమున పాల్గొననట్లే. అనగా నాలుగు గుఱ్ఱములును అంత వెనుకబడునని ఓకెల్లీ అభిప్రాయము. అట్లే జరిగెను. అతడు పందెపు సొమ్ముతో ఊరకుండక మొదట ఎక్లిప్సులో సగము భాగమును 650 గినీలకు, పిదప తక్కిన సగమును 1100 గినీలకు కొనివేసెను. 75 గినీల పిల్లకు అయిదేండ్లలో 1750 గినీల వెల కట్టబడినదన్నమాట.

1769, 1770 సంవత్సరములలో ఎక్లిప్సు మొత్తము 18 పందెములు గెలిచెను. వానిలో 11 రాజుగారి బహుమానములు. దానిని నిజముగా ఎదిరింపగలదని జనులు నమ్మిన గుఱ్ఱము బ్యూసెఫలస్ ఒక్కటే. అలెగ్జాండరు చక్రవర్తి గుఱ్ఱము పేరది. 1770 ఏప్రిల్ నెలలో న్యూమార్కెట్ వద్ద ఆ రెండింటికిని పోటీ జరిగెను. బ్యూసెఫలస్ శక్తినంతయు ధారపోసి ఓడిపోయి, ఆ దెబ్బనుండి మరల కోలుకొనలేదు. తరువాత పెక్కు పందెములలో ఎక్లిప్సుతో పోటీకి గుఱ్ఱములే రాలేదు. అట్టిచోట అది ఒంటరిగా మైదానము చుట్టివచ్చిన చాలును, బహుమానము దక్కును. పందెము కాయువారు లేనిచోట గుఱ్ఱమునకు పనియేమున్నది? 1770 అక్టోబరులో ఓకెల్లీ దానిని పందెములనుండి విరమింపజేసెను.

దీని తండ్రి మార్స్కె సంగతి యొకటి చెప్పదగినది. కంబర్లెండు ప్రభువు మరణానంతరము మార్స్కెను లక్ష్యపెట్టినవారు లేరు. అది స్వల్పమైన ధరకు అమ్ముడుపోయెను. కొడుకు కీర్తి లోకమున వ్యాపించినంతనే ఆ తండ్రినే అబింగ్డన్ ప్రభువు వేయి గినీలిచ్చి కొనెను. గుఱ్ఱము మారలేదు, దానిని గురించి తెలిసినది మారినది. సంతతిని చూచి తండ్రి విలువ నిర్ణయించుట అను ఈ పద్ధతినే నేటి పశుసంవర్ధక శాస్త్రము చక్కని లెక్కలతో పాటించుచున్నది. ఆబోతు పాలియ్యదు, దాని కూతుళ్ళు ఎన్ని పాలు ఇచ్చునో చూచియే దాని గుణము తెలిసికొందురు.

గుండె బరువు

విశ్రాంతిగా నున్న గుఱ్ఱపు గుండె నిమిషమునకు 30 నుండి 40 సార్లు కొట్టుకొనును. పూర్తి వేగమున పరుగెత్తునపుడు 220 మొదలు 240 సార్ల వరకు కొట్టుకొనును. మనుష్యుని గుండెకు ఇంతటి తారతమ్యము సాధ్యము కాదు. అదియు గాక గుఱ్ఱమునకు ప్లీహము ఒక నిలువకొట్టు వంటిది. విశ్రాంతి సమయమున ఎఱ్ఱకణములు పెద్దమొత్తములో అందులో నిలువయుండి, పరుగు ప్రారంభమైనంతనే రక్తములోనికి వచ్చి పడును. రక్తములో కణముల పాలు నూటికి 40 నుండి 60 కి పైగా పెరుగును. ఆమ్లజని మోయు బండ్లు ఒక్కసారిగా ఒకటిన్నర రెట్లయినట్లు. ఇక ఊపిరి సంగతి: దౌడు తీయునపుడు గుఱ్ఱము ఒక్కొక్క అంగకు ఒక్కొక్క ఊపిరి చొప్పున తీయును, కాళ్ళు, ఊపిరితిత్తులు ఒకే తాళమునకు నడచును. ఈ ఏర్పాటులన్నియు గుఱ్ఱములన్నింటికిని ఉన్నవే. జాతి గుఱ్ఱమునందు వాని స్థాయి అధికము.

ఎక్లిప్సు 1789 ఫిబ్రవరి 27 వ తేదీన కడుపునొప్పితో మరణించెను. అప్పటికి దాని వయస్సు ఇంచుమించు 25 ఏండ్లు. ఆ కాలమున ఇంగ్లండులో పశువైద్యము నేర్పు కళాశాల లేదు. లాడములు కొట్టువారే గుఱ్ఱపు వైద్యులు. ఫ్రాన్సునుండి వచ్చిన వియాల్ ద సేంబెల్ అను పశువైద్యుడు ఎక్లిప్సు శరీరమును కోసి పరీక్షించి, ప్రతి ఎముకను కొలిచి, వాని నిష్పత్తులను గురించి గ్రంథము వ్రాసెను. గుండె 14 పౌనులు, అనగా 6.3 కిలోలు తూగెను. సామాన్యముగా జాతి గుఱ్ఱపు గుండె 4 కిలోల ప్రాంతమున ఉండును. ఈ పరీక్ష వలన సేంబెలుకు వచ్చిన పేరు వృథా కాలేదు. 1791 లో లండనునందు పశువైద్య కళాశాల స్థాపింపబడినపుడు ఆయనయే దానికి మొదటి ఆచార్యుడయ్యెను. అదే నేటి రాయల్ వెటరినరీ కాలేజి. ఎక్లిప్సు అస్థిపంజరము నేటికిని హెర్టుఫర్డుషైరులోని ఆ కళాశాల ఆవరణమున నిలిచియున్నది. 18 పందెములకంటె ఈ మరణానంతర సేవయే గొప్పదని శాస్త్రదృష్టితో చూచువారికి తోచును.

ఓడిన తండ్రి

పరుగునందు ఓటమి నెరుగని ఈ గుఱ్ఱము సంతానోత్పత్తియందు మాత్రము రెండవ స్థానముతోనే తృప్తిపడవలసి వచ్చినది! 1771 నుండి ఎప్సమ్ వద్దను, చివరి కాలమున మిడిల్‌సెక్సులోని కేనన్స్ వద్దను దానిని ఉంచిరి. రెండవ చోటికి మార్చునాటికి ముసలిదై, కాళ్ళు చెడియుండుటచే దానిని బండిలో నెక్కించి తీసికొనిపోయిరి. గుఱ్ఱము బండిని లాగుట లోకమెరుగును; గుఱ్ఱమును బండిలో మోసికొనిపోవుట అప్పటికి క్రొత్త. పాత లెక్కల ప్రకారము దాని సంతానములో 344 గుఱ్ఱములు పందెములు గెలిచినవి. 1780 లో ప్రారంభమైన ఎప్సమ్ డెర్బీ పందెమును దాని కొడుకులు మూడుసార్లు, 1781, 1783, 1784 సంవత్సరములలో గెలిచిరి. అయినను ఏడాదికేడాది సంతానపు గెలుపులను లెక్కించినపుడు మొదటి స్థానము హెరాడ్ అను గుఱ్ఱమునకు, దాని తరువాత హెరాడ్ కొడుకైన హైఫ్లయరుకు పోయినది గాని, ఒక్క సంవత్సరమైనను ఎక్లిప్సుకు రాలేదు. హెరాడును పుట్టించినవాడును ఆ కంబర్లెండు ప్రభువే కావడము చిత్రము. ఒకే ప్రభువు అశ్వశాలనుండి ఇట్టి రెండు గుఱ్ఱములు వచ్చినవి. రెండింటి ఘనతను చూచుటకును ఆయన బ్రతికిలేడు.

అయినచో నేడు ఎక్లిప్సు వంశము నిండియుండి హెరాడ్ మగసంతతి క్షీణించుటకు కారణమేమి? ఎక్లిప్సు కొడుకులకు హెరాడ్ కూతుళ్ళనిచ్చి జతకూర్చుట మంచి ఫలితము నిచ్చినది. ఎక్లిప్సు కొడుకులలో ఒకదాని పేరు వినోదకరమైనది. దానికి ‘పొటేటోస్’, అనగా బంగాళదుంపలు, అని పేరు పెట్టి, దాణా తొట్టిమీద వ్రాయుమని గుఱ్ఱపుశాల కుఱ్ఱవానితో చెప్పిరట. చదువు అంతంతమాత్రమైన ఆ కుఱ్ఱవాడు ‘పొట్’ అని వ్రాసి దాని తరువాత ఎనిమిది ‘ఓ’లు చుట్టెనట! నాటినుండి దాని పేరు ‘పొట్-ఎయిట్-ఓస్’ అయినది. హెరాడ్ కూతురికి ఈ గుఱ్ఱము వలన పుట్టిన వాక్సీ 1793 డెర్బీ గెలిచెను. ఈ జతలోని ఘనత ఇరువైపులదియు. కాని వంశవృక్షము తండ్రి పేరున వ్రాయబడును గనుక కీర్తి అంతయు ఎక్లిప్సు ఖాతాలో జమయైనది.

లెక్క కట్టి చూచిన

వాక్సీనుండి క్రిందికి దిగివచ్చినచో వేల్‌బోన్, సర్ హెర్క్యులీస్, బర్డ్‌క్యాచర్, ది బేరన్, స్టాక్‌వెల్, డాంకాస్టర్, బెండ్ ఆర్, బోనా విస్టా, సిలీన్, పాలిమీలస్, ఫలారిస్, ఫారోస్, నియార్కో, నియార్కటిక్ అను గుఱ్ఱముల మీదుగా 1961 లో కెనడాలో పుట్టిన నార్దర్న్ డాన్సర్ కడకు వచ్చుదుము. నేటి జాతి గుఱ్ఱములలో ఎక్కువభాగము వంశవృక్షమున ఈ చివరిదాని పేరు ఎక్కడో ఒకచోట కనిపించును. ఎక్లిప్సునుండి దీనికి సరిగా 17 తరములు.

పిల్లకు జన్యుసామగ్రిలో సగము తండ్రినుండి, సగము తల్లినుండి వచ్చును. తాతనుండి సగటున నాలుగవవంతు, ముత్తాతనుండి ఎనిమిదవవంతు. 17 సార్లు సగము చేసినచో 1,31,072 లో ఒక వంతు మిగులును. గుఱ్ఱమునకు 64 క్రోమోసోములు మాత్రమే యున్నవి. అవి మొత్తములు మొత్తములుగా, కొన్ని ముక్కలుగా తెగి అతుకుకొని, తరమునుండి తరమునకు సాగుచుండును. కావున ఇంత చిన్న వంతు అనగా ఆ ఒక్క దారివెంట ఎక్లిప్సునుండి ఒక్క ముక్కయైనను చేరకపోవుటయే ఎక్కువ సంభవము. ‘దాదాపు ఏమియు లేదు’ అన్నది ఈ విధముగా.

అయితే ఒక్క మినహాయింపు. ఆ 64 లో వై అను క్రోమోసోము తండ్రినుండి కొడుకునకే వచ్చును. దానికి జత లేదు గనుక తల్లి భాగముతో చాలవరకు కలిసిపోదు. 17 తరములైనను, 25 తరములైనను అది సగము కాదు. ఇంచుమించు ఉన్నదున్నట్లు వచ్చును. వియన్నాలోని పశువైద్య విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2013 లో ప్రకటించిన పరిశోధనలో ఈ వై క్రోమోసోము మీద ఒక చిన్న మార్పును గుర్తించి, అది ఎక్లిప్సులోగాని దాని కొడుకు లేక మనుమనిలోగాని కలిగియుండవలెనని నిర్ణయించిరి. మలకపేటలోని మగ గుఱ్ఱములో ‘దాదాపు పూర్తిగా’ ఉన్నది ఈ ఒక్క క్రోమోసోము. చిక్కేమనగా, వై క్రోమోసోము మిక్కిలి చిన్నది. మగతనమును నిర్ణయించు జన్యువులు దానియందున్నవి గాని, గుండెను, కండరములను, ఎముకలను తీర్చు జన్యువులలో అత్యధికభాగము తక్కినవానియందున్నవి. ఇంటిపేరు తరతరములకు మారదు. అంతమాత్రమున ఆస్తి మిగిలినదని చెప్పవీలులేదు.

ఇంకొక సంగతియు లెక్కలోనికి తీసికొనవలెను. ఎక్లిప్సునుండి నార్దర్న్ డాన్సరుకు దారి ఇది యొక్కటియే కాదు. 17 తరముల పైన ఒక గుఱ్ఱమునకు 1,31,072 పూర్వికులుండవలెను. ఎక్లిప్సు కాలమున ఇంగ్లండులో అన్ని జాతి గుఱ్ఱములే లేవు. అందుచేత అవే పేర్లు వందలకొలది స్థానములలో మరల మరల వచ్చును. తల్లులవైపు దారులన్నియు కలుపుకొనిన ఎక్లిప్సు పాలు చెప్పుకొనదగినదే యగును. 2001 లో డబ్లిన్ శాస్త్రజ్ఞులు ఇట్టి దారులన్నింటిని లెక్కించి చూడగా, నేటి గుఱ్ఱములలో నూటికి 95 డార్లీ అరేబియన్ మగసంతతివే అయినను, జన్యుసామగ్రిలో దాని వాటా నూటికి ఇంచుమించు 6.5 మాత్రమే. మగసంతతి మిక్కిలి తక్కువగా మిగిలిన గొడాల్ఫిన్ అరేబియన్ వాటా దానికి రెండింతలు. కారణము సులభము: దాని రక్తము కూతుళ్ళద్వారా సాగినది.

పుస్తకములోని పేరు నిజమేనా అన్నది వేరొక చిక్కు. పైని వరుసలోని బెండ్ ఆర్ 1880 డెర్బీ గెలిచినపుడు, అది బెండ్ ఆర్ కాదనియు, చిన్నతనమున గుఱ్ఱపుశాలలో టాడ్‌కాస్టర్ అను మరియొక పిల్లతో తారుమారైనదనియు ఫిర్యాదు వచ్చినది. విచారించి త్రోసిపుచ్చిరి. నూరేండ్లకు పైగా గడచిన తరువాత భద్రపరచియున్న దాని ఎముకలనుండి డి.ఎన్.ఎ. తీసి పరీక్షించిరి. ఈసారి చూచినది వై క్రోమోసోము కాదు, కణములోని మైటోకాండ్రియాల డి.ఎన్.ఎ.; అది తల్లినుండి మాత్రమే వచ్చును. పుస్తకమున వ్రాసియున్న తల్లి సంతతితో అది సరిపోలేదు! 1880 నాటి ఫిర్యాదే నిజమైయుండును. అదృష్టవశమున రెండు పిల్లలకును తండ్రి డాంకాస్టరే గనుక మగవరుస చెడలేదు.

విజేతకు విజేత పుట్టునా

వంశమును చూచి ధర కట్టువారి నమ్మకము ఎంతవరకు సరియైనది? ఎడింబరో విశ్వవిద్యాలయమున ఈ విషయమును పరిశీలించి 2008 లో ప్రకటించినదానినిబట్టి, గుఱ్ఱములు జీవితకాలమున సంపాదించు బహుమానపు సొమ్ములోని హెచ్చుతగ్గులకు పుట్టుకతో వచ్చిన జన్యుభేదములు కారణమగునది నూటికి 10 వంతులు మాత్రమే. తక్కినది మేత, శిక్షణ, రౌతు నేర్పు, కాలు బెణకకుండుట, అదృష్టము. పందెములో పట్టిన సమయమును బట్టి చూచిన ఈ పాలు కొంత హెచ్చును. ఎట్లయినను మహావిజేత పిల్లలు సగటున తండ్రికంటె తక్కువగను, జాతి సగటుకంటె ఎక్కువగను ఉందురు. పొడగరి తండ్రుల బిడ్డల ఎత్తును కొలిచి గాల్టను కనుగొనిన సూత్రమే యిది.

అమెరికాకు చెందిన సెక్రెటేరియట్ దీనికి మంచి నిదర్శనము. ఎక్లిప్సు మగసంతతిలో 18 వ తరమునకు చెందిన ఈ గుఱ్ఱము 1973 లో బెల్మాంట్ పందెమున ఒకటిన్నర మైళ్ళను 2 నిమిషముల 24 సెకండ్లలో పరుగెత్తి, రెండవదానికంటె 31 గుఱ్ఱముల నిడివి ముందు నిలిచెను. ఆ కాలపరిమితిని అచ్చట ఏ గుఱ్ఱమును నేటివరకు దాటలేదు. దాని సంతానోత్పత్తి హక్కులు అప్పటికే 60 లక్షల డాలర్లకు పైగా అమ్ముడుపోయినవి. 1976 లో దాని కొడుకు ఒకటి ఏడాది పిల్లగానే 15 లక్షల డాలర్లు పలికి, పరుగులో ఏ పేరును తెచ్చుకొనలేకపోయెను. లేడీస్ సీక్రెట్, రైజెన్ స్టార్ వంటి మంచి గుఱ్ఱములు పుట్టినమాట నిజమే. కాని తండ్రివంటిది పుట్టలేదు. అందరును ఆశాభంగము పొందిన పిమ్మట, దాని కూతుళ్ళ కడుపున స్టార్మ్ క్యాట్, ఏ.పి. ఇండీ, గాన్ వెస్ట్ అను గుఱ్ఱములు పుట్టి గొప్ప వంశకర్తలైనవి.

1989 లో అది మరణించినపుడు పరీక్షించిన వైద్యుడు దాని గుండె 22 పౌన్లుండునని అంచనా వేసెను; తూచలేదు. పెద్ద గుండెకు కారణమైన జన్యువు ఎక్సు క్రోమోసోము మీద నున్నదని, అందుచేతనే అది కొడుకులకు రాక కూతుళ్ళకు వచ్చినదని యొక వాదము బయలుదేరెను. తండ్రి ఎక్సు క్రోమోసోము కూతురికే పోవునన్నంతవరకు వాదము సరియే. అట్టి జన్యువును మాత్రము ఎవరును ఇంతవరకు చూపలేదు. వినుటకు ఇంపైన సిద్ధాంతములను రుజువైన సంగతులతో కలుపుట గుఱ్ఱపు పందెములవారికి అలవాటు; తరగతిలో మాత్రము ఈ రెండింటిని వేరుచేసి చెప్పవలెను.

1791 లో వెదర్బీ సంస్థవారు జాతి గుఱ్ఱముల వంశావళిని గ్రంథముగా ప్రకటించిన పిదప ఈ జాతి తలుపులు క్రమముగా మూసికొనినవి. తల్లి, తండ్రి ఇరువురును ఆ పుస్తకములలో నున్నగాని పిల్లకు థరోబ్రెడ్ అను పేరు చెల్లదు. పశువులలో నేడు సర్వసాధారణమైన కృత్రిమ గర్భోత్పత్తి గూడ వీనికి నిషిద్ధము. ఇట్లు మూసిన గుంపులో ఒకరిద్దరు పేరుపొందిన తండ్రులకే అందరును ఎగబడినచో, కొన్ని తరములకు దగ్గర చుట్టములతోనే జతకూర్చవలసి వచ్చును. అట్టి సంతతిలో దాగియున్న చెడు జన్యువులు రెండువైపులనుండి వచ్చి బయటపడును. సత్తువ, చూలు నిలుచు శక్తి తగ్గును. ఇటీవలి జన్యుపరీక్షలు ఈ సామీప్యము గత కొన్ని దశాబ్దములలో హెచ్చుచున్నదని తెలుపుచున్నవి. పందెపు గుఱ్ఱపు యజమాని తన ఒక్క గుఱ్ఱము గెలుపు చూచుకొనును. జాతి మొత్తము సంగతి చూచువారు తక్కువ.

ఇప్పుడు మొదట చెప్పిన నాలుగు మైళ్ళ పందెపు సంగతికి రావలెను. కండరములు మితిమీరి పెరుగకుండ ఆపు మయోస్టాటిన్ అను పదార్థమునకు ఒక జన్యువున్నది. ఈ జన్యువుయొక్క రెండు రూపములను డబ్లిన్ నగరమందలి ఎమ్మెలిన్ హిల్ మున్నగు శాస్త్రజ్ఞులు 2010 లో గుర్తించిరి. మొదటి రూపము రెండువైపులనుండి వచ్చిన గుఱ్ఱము కండబలము గలదై తక్కువ దూరమున రాణించును. రెండవ రూపము రెండువైపులనుండి వచ్చినది దూరపు పరుగున రాణించును. ఒక్కొక్కటి వచ్చినది నడిమి దూరమునకు తగును. తరువాత 2012 లో ఎక్లిప్సు మొదలైన పన్నెండు ప్రసిద్ధ మగ గుఱ్ఱముల ఎముకలు, దంతములనుండి డి.ఎన్.ఎ. తీసి చూడగా, పాతకాలపు వానిలో దూరపు రూపమే కనబడినది. దమ్ము కావలసిన కాలమున దమ్ముగల గుఱ్ఱములు గెలిచినవి, వాని సంతతియే పెరిగినది. డెర్బీ వంటి పొట్టి పందెములు, రెండేండ్ల పిల్లల పందెములు వచ్చిన పిమ్మట మనుష్యులు కోరినది మారినది. తక్కువ దూరపు రూపము నియార్కటిక్, నార్దర్న్ డాన్సరుల సంతతి ద్వారా లోకమంతట వ్యాపించినది. ఎక్లిప్సును నేడు తెచ్చి 1200 మీటర్ల పందెమున నిలిపినచో దాని సంతతిలోని సామాన్యమైన గుఱ్ఱము చేతిలోనే ఓడిపోవచ్చును. నాలుగు మైళ్ళు రెండు విడతలు అన్నచో సంగతి వేరు.

ఆ తక్కువ దూరపు రూపము ఎచ్చటినుండి వచ్చినదని గూడ ఆ పరిశోధకులు విచారించిరి. అనేక జాతుల గుఱ్ఱములను పోల్చి చూడగా, సుమారు 300 ఏండ్ల క్రిందట, థరోబ్రెడ్ జాతి రూపొందుచున్న దినములలో, అది ఒకేయొక పూర్వికునినుండి ప్రవేశించినట్లును, తూర్పునుండి వచ్చిన మగ గుఱ్ఱములనుండి గాక బ్రిటన్ దేశపు గోడిగ యొకదానినుండి వచ్చియుండుట మిక్కిలి సంభవమనియు తేలినది. ఆ కాలపు గోడిగలకు చాలవానికి పేర్లు లేవు. వంశావళి గ్రంథమున ఫలానివారి గోడిగ అని యజమాని పేరుతోనో, ఫలాని గుఱ్ఱము కూతురు అని తండ్రి పేరుతోనో వ్రాసి విడిచిరి. ఇది ఏ గోడిగయో గుర్తించుటకు ఎముకలును మిగులలేదు.